తడి తగలకూడని గోదాం

నాకు చిన్నప్పటి నుంచి పాలంటే గిట్టదు. కాగిన పాల మీద మీగడ కడుతుంటేనే ముఖం తిప్పుకునేదాన్ని. మా అమ్మ బతిమాలేది, తిట్టేది, చివరికి ఆ గ్లాసేదో తనే తాగేసేది. అలాంటిదాన్ని ఈ వయసులో కూర్చుని, పాల నుంచి తీసిన ఒక పొడికి దండం పెట్టుకుంటున్నానంటే మా అమ్మ పొట్ట పట్టుకుని నవ్వేది. నవ్వితే నవ్వనీ. మా ఆయనకు ఊపిరి నిలబడింది ఆ పొడి వల్ల, ఆ పొడిని ఎలా చూసుకోవాలో మాకు నేర్పిన మనిషి వల్ల. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు మనసు తేలికగా ఉంటుంది.

తొంభైల్లో మేము సూరత్‌లో ఉండేవాళ్ళం. సచిన్ అనే పారిశ్రామిక ఎస్టేట్ దగ్గర, ఉన్ అనే ఊళ్ళో, రేకుల కప్పున్న ఒకే గది మాది. మా ఆయన సాంచాల మీద పనిచేసేవాడు. మరమగ్గాలను మా కరీంనగర్ వైపు సాంచాలంటారు. ఊళ్ళో ఆ చప్పుడు మధ్యే పెరిగాడు, సూరత్ వచ్చినా ఆ చప్పుడులోకే వచ్చాడు. అందుకని ఇంట్లో ఉప్పు అడిగినా వీధి చివరిదాకా వినిపించేది. కొత్త కాపురంలో, నా మీద అరుస్తున్నాడేమోనని ఏడ్చేదాన్ని కూడా. తర్వాత తెలిసింది, ఆయన ముద్దు చేసినా అదే గొంతని.

ఆ గొంతులోకి దగ్గు చేరింది. మొదట్లో చలికాలం వచ్చి వెళ్ళే చుట్టంలా ఉండేది. తర్వాత వెళ్ళడం మానేసింది. తెల్లవారుజామున మొదలయ్యేది. నాకు గడియారం అక్కర్లేకుండా పోయింది, దగ్గు వినపడితే లేవాలి, స్టవ్ వెలిగించాలి, వేడినీళ్ళు పెట్టాలి. గోడ అవతలి వాళ్ళు కూడా ఆ దగ్గుకే లేచి డ్యూటీకి పోయేవాళ్ళు.

డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. దారపు నూగు లోపల పేరుకుంటోందని, సాంచాలు మానకపోతే ఇంక తన దగ్గరికి వచ్చినా లాభం లేదని చెప్పాడు. బీడీ సంగతి కూడా చెప్పాడు గానీ, అది మా ఆయన విననట్టే ఊరుకున్నాడు. దవాఖానా మెట్ల మీద కూర్చుని, "సాంచాలు తప్ప నాకేమొస్తదే? ఇగ ఏం జేసి బతుకుదాం?" అన్నాడు. ఆయన అంత మెల్లగా మాట్లాడడం నేను వినడం అదే మొదటిసారి. నాకు చాలా భయం వేసింది.

మా వీధిలో ఒకావిడ సచిన్‌లో ఒక చిన్న షెడ్డులో ఊడ్చే పని చేసేది. పని మానేసి ఊరికి పోతూ, అక్కడ మొగుడూ పెళ్ళాం కలిసి చేసే పని ఉందని చెప్పింది. మగవాడు గోదాం చూసుకోవాలి, ఆడది సంచుల మూతులు కుట్టాలి, శుభ్రం చేయాలి. ఇద్దరం బస్సెక్కి వెళ్ళాం. షెడ్డు యజమాని సేఠ్ మమ్మల్ని పైకీ కిందికీ చూసి, ఒప్పుకున్నాడు గానీ ఒక మెలిక పెట్టాడు.

"వానాకాలం దాటేదాకా చూస్తా. మాల్ తడవకుండా కాపాడితే పని మీది. తడిస్తే మీ సాంచాలు మీకున్నాయి కదా."

ఆయన మామూలుగానే అన్నాడు. ఆ చివరి మాట మాకు ఎక్కడ తగిలిందో ఆయనకేం తెలుసు.

ఆ షెడ్డులోకి వచ్చే మాల్ ఒక పొడి. చూడ్డానికి మైదాపిండే, కాకపోతే కొంచెం పసుపు కలిసిన తెలుపు. పాలపొడి అనుకున్నాను. కాదట. పాలు విరిచి, అందులో ఉన్న ప్రొటీన్ ఒక్కటే వేరుచేసి, కడిగి, ఎండబెట్టి పొడి చేస్తారట. ఎక్కడో పెద్ద డెయిరీలో తయారై పెద్ద సంచుల్లో లారీ మీద వచ్చేది. మేము దాన్ని చిన్న సంచుల్లోకి మార్చి బిస్కెట్లు చేసేవాళ్ళకూ, బలం పొడులు చేసేవాళ్ళకూ పంపేవాళ్ళం.

దాని మీద అధికారమంతా ఒకామెది. అందరం బెన్ అనేవాళ్ళం, గుజరాతీలో అక్క అన్నమాట. యాభై దాటిన మనిషి. అంతకుముందు పాల కేంద్రంలో పనిచేసి వచ్చింది. ముఖానికి ఎప్పుడూ రుమాలు కట్టుకునే ఉండేది కాబట్టి నాకు చాలా రోజులు ఆమె కళ్ళు తప్ప ముఖం తెలియదు. భయపడడానికి ఆ కళ్ళు చాలు. ఆమె హిందీలో గుజరాతీ కలిపి మాట్లాడేది, నేను హిందీలో తెలుగు కలిపి జవాబిచ్చేదాన్ని. ఇన్నేళ్ళకు ఆమె మాటలు నాకు మన భాషలోనే గుర్తున్నాయి, అలాగే రాస్తున్నాను.

మొదటి రోజే గుమ్మంలో నన్ను ఆపి నా సంచి వాసన చూసింది.

"ఇందులో ఏముంది?"

"అన్నం, ఎల్లిపాయ కారం."

"ఇది లోపలికి రాదు. బయట వాచ్‌మన్ రేకు పందిరి కింద పెట్టు, అక్కడే తిను, చేతులు సబ్బుతో కడుక్కుని రా. ఈ పొడికి ముక్కుంది. ఏ వాసన దగ్గరికొస్తే అది పట్టుకుంటుంది. నీ వెల్లుల్లి తీసుకెళ్ళి ఎవరి బిస్కెట్‌లోనో పెడుతుంది."

నాకు ఒళ్ళు మండింది. మా ఎల్లిపాయ కారానికి ఏం తక్కువని లోపలే గొణుక్కున్నాను. శుక్రవారం వచ్చింది, కొత్త పని కదా అని గోదాం తలుపు పక్కన రెండు అగరుబత్తీలు వెలిగించాను. బెన్ వచ్చి రెండు వేళ్ళతో వాటిని నలిపి ఆర్పేసింది. నా మొహం చూసి, కోప్పడలేదు గానీ, నిలబెట్టి చెప్పింది. వాసన సంగతి ఒకటి, నిప్పు సంగతి ఇంకొకటి. ఈ పొడి సంచిలో ఉన్నంతసేపు సాధువు. గాలిలో దట్టంగా లేచినప్పుడు రవ్వ తగిలితే మండడం కాదు, పేలుతుంది. పాలు పొంగుతాయి గానీ పేలడమేమిటని నేను నవ్వబోయాను. ఆ కళ్ళు చూసి నవ్వు మింగేశాను.

అదే కారణంగా మా ఆయన బీడీ కట్ట గేటు దగ్గర వాచ్‌మన్ రేకు డబ్బాలో చేరింది. బీడీ కావాలంటే గేటు దాకా నడవాలి. తాగొచ్చాక చేతులు కడగాలి, పైన వేసుకున్న తెల్ల కోటు మార్చాలి. "ఒక్క బీడీకి గింత తతంగమా" అని విసుక్కునేవాడు. విసుక్కుంటూనే తగ్గించాడు. డాక్టరు చెబితే వినని మనిషి తతంగానికి లొంగాడు. నేను చెప్పి చెప్పి అలసిపోయినదాన్ని, ఆ రేకు డబ్బాకు లోపల్లోపల మొక్కుకున్నాను.

పొడిని పట్టుకోవడం కూడా నేర్పింది. సంచి మూతి కోసి ఎత్తి కుమ్మరించకూడదు. మూతిని, చిన్న సంచులు నింపే తొట్టి అంచుకు ఆనించి, నిద్రపోయిన బిడ్డను చాప మీదికి దింపినట్టు దింపాలి. ఖాళీ సంచిని దులపకూడదు, మెల్లగా మడిచి పక్కన పెట్టాలి. కింద పడినదాన్ని చీపురుతో కొట్టి లేపకూడదు, గాలితో పీల్చే మిషన్ ఉంది, దానితో తీయాలి. తీసింది ఎంత తెల్లగా ఉన్నా మళ్ళీ సంచిలోకి పోదు. ఇది మాత్రం నాకు మింగుడు పడలేదు. మెతుకు కింద పడితే తీసి కళ్ళకద్దుకునే ఇంట్లో పుట్టినదాన్ని. పారేసే ముందు లోపలే లెంపలు వేసుకునేదాన్ని.

పక్క గదిలో మొక్కజొన్న పిండి ఉండేది. దాని గరిట దానికే, దీని గరిట దీనికే. రెండూ కలవకూడదు. కొందరు పిల్లలకు పాలలో ఉన్నదేదీ పడదట, తెలియక తింటే ఒళ్ళంతా దద్దుర్లు లేచి గొంతు మూసుకుపోతుందట.

"నాకూ పాలు పడవు బెన్" అన్నాను, నా మీద కూడా జాలి పడుతుందని.

"నీకు పడకపోవడం కాదు, ఇష్టం లేకపోవడం. రెండూ వేరు. గరిట కడుగు" అంది.

ఇలా ఆమె ఏం చేయాలో అన్నీ చెప్పింది. ఒక్కటే చెప్పలేదు, అది చెప్పాల్సిన అవసరం ఉంటుందని ఆమెకు తట్టలేదు.

సాంచాల కార్ఖానాలో పొద్దున్నే మొదటి పని నేల మీద నీళ్ళు చల్లడం. గాలిలో తడి ఉంటే పోగు తెగదు, నూగు పైకి లేవదు. ఎండాకాలం మరీ ఎక్కువ చల్లి, ఆ చెమ్మ పోకుండా కిటికీలు కూడా మూసేస్తారు. మా ఆయన నడక వచ్చినప్పటి నుంచి చూసింది అదే. దేవుడికి దీపం పెట్టినట్టు, సాంచాల కింద నీళ్ళు చల్లి గానీ పని మొదలుపెట్టడు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక శనివారం బెన్ బంధువుల పెళ్ళికి వెళ్ళింది. ఆ సాయంత్రమే లారీ వచ్చింది. సంచులు దింపే చెక్క బల్లలు ఖాళీ లేవు, సోమవారం సర్దుదామని కొత్త సంచుల్ని గోడ పక్కన నేల మీదే పెట్టారు. దింపేటప్పుడు ఒకటి చినిగింది. పొడి లేచింది. పడమటి కిటికీలోంచి పడుతున్న ఎండలో అది తెల్లగా తిరుగుతూ కనిపించింది. మా ఆయన దాన్ని చూస్తూ నిలబడిపోయాడు. వెంటనే దగ్గు అందుకుంది. ఆ షెడ్డులోకి వచ్చాక అంత దగ్గు రావడం అదే మొదలు. గోడ పట్టుకుని వంగిపోయాడు. ఎక్కడి నుంచి పారిపోయి వచ్చామో అదే మళ్ళీ ఎదురొచ్చిందని ఆయన ముఖంలో రాసి ఉంది.

నేను గేటు దగ్గర గిన్నెలు కడుగుతున్నాను. ఆయన లోపల ఆలస్యం చేసి, తాళం వేసుకుని వచ్చాడు. బస్సులో హాయిగా వెనక్కి వాలి, "దుబ్బంత అణిగింది. సోమారం దాక మంచిగుంటది" అన్నాడు. ఆ దుమ్ము ఎలా అణిగిందని నేను అడగలేదు. అడిగి ఉన్నా మంచిపని చేశావనే అనేదాన్ని. నేనూ సాంచాల ఇంటి కోడలినే కదా.

సోమవారం పొద్దున బెన్ తాళం తీసి లోపల అడుగు పెట్టింది. రెండో అడుగుకు ఆమె కాలు వచ్చింది, చెప్పు రాలేదు. నేలంతా జిగురు పట్టింది. నేల మీద రాలిన పొడి నీళ్ళతో కలిసి, రెండు రోజులు మూసిన తలుపుల వెనక వేడికి ఉడికి, వడ్రంగి బంకలా తయారైంది. పులిసిన వాసన గుప్పుమంది. గోడ పక్కన పెట్టిన సంచుల అడుగులు నల్లబడి ఉన్నాయి. కాగితం సంచులు కదా, చెమ్మను కింది నుంచి పైకి లాక్కున్నాయి. బెన్ కూర్చుని ఒక్కో సంచినీ బొటనవేలితో నొక్కి చూసింది. మెత్తగా ఉండాల్సింది రాయిలా ఉంది.

"ఎవరు?" అంది.

"నేనే బెన్. నీళ్ళు సల్లిన" అన్నాడు మా ఆయన. ఒక్క క్షణం కూడా ఆగలేదు.

"ఎందుకు?"

చెప్పాడు. వచ్చీరాని హిందీలో, చేతులతో చూపిస్తూ చెప్పాడు. దుమ్ము లేచిందని, దగ్గు వచ్చిందని, తమ దగ్గర దుమ్ముకు మందు నీళ్ళేనని. సాంచాల నేల మీద చెంబుతో నీళ్ళు ఎలా చల్లుతారో చేయి తిప్పి చూపించాడు. బెన్ వింటూ ఉండిపోయింది. ఆమె కళ్ళు ఏం చెబుతున్నాయో నాకు అర్థం కాలేదు. నాకు వినిపించేది ఒక్కటే, సేఠ్ మాట. తడిస్తే మీ సాంచాలు మీకున్నాయి.

సేఠ్ వచ్చాడు. చూశాడు. తల పట్టుకున్నాడు. ముందు ఆయనకు తోచింది పొడిని కాపాడుకోవడమే, ఎవరికైనా అదే తోస్తుంది.

"ఎండబెట్టి జల్లెడ పడితే పనికి రాదా?"

"రాదు" అంది బెన్. "పైకి ఎండినట్టే ఉంటుంది. తడి తగిలాక లోపల ఏం పెరిగిందో నీ కంటికీ నా కంటికీ కనిపించదు. ఇది నోట్లోకి పోయేది. అనుమానం ఉన్న సంచి ఒక్కటి కూడా నా చేతి మీదుగా తిండిలోకి పోదు. దీనితో బంక చేసేవాళ్ళుంటారు, వాళ్ళకు ఇచ్చెయ్యి."

సేఠ్ గొణుగుతూనే ఒప్పుకున్నాడు. తర్వాత మా ఆయన వైపు తిరిగాడు. నేను కొంగు నోట్లో పెట్టుకుని నిలబడ్డాను. అప్పుడు బెన్ లేచి ఇద్దరి మధ్యకీ వచ్చింది. ఒక కాలికి చెప్పు లేదు.

"తప్పు నాది" అంది. "ఇతనికి పని నేర్పింది నేను. ఏం చేయాలో అన్నీ చెప్పాను. ఎక్కడ పనిచేసి వచ్చావని ఒక్కసారి అడగలేదు. అడిగి ఉంటే మొదటి రోజే నీళ్ళ మాట చెప్పేదాన్ని. వానాకాలం అన్నావు కదా, వానాకాలం దాకా చూడు. అప్పుడు ఒక్క సంచి తడిసినా వీళ్ళతోపాటు నేనూ పోతా."

మేము ఆమెకు చుట్టాలం కాదు, ఊరివాళ్ళం కాదు, భాషవాళ్ళం కాదు. పనిలో చేరి పట్టుమని రెండు నెలలు కాలేదు. మా కోసం తన కొలువును పణంగా పెట్టాల్సిన ఖర్మ ఆమెకేముంది? సొంత అన్నదమ్ములు కూడా సమయానికి పక్కకు తప్పుకోవడం చూసినదాన్ని. ఆ రోజు ఒంటి చెప్పుతో నిలబడిన ఆ మనిషి నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. దేవుణ్ణి తలుచుకోమంటే నాకు ముందు ఆ కాళ్ళే గుర్తొస్తాయి.

సేఠ్ వెళ్ళాక మేమంతా నేల గీకడం మొదలుపెట్టాం. గీకిన తర్వాత తుడిచి, పంకాలు పెట్టి, పూర్తిగా ఆరాకే సంచుల్ని లోపల పెట్టనిచ్చింది. సాయంత్రం మా ఆయన్ని కూర్చోబెట్టి నింపాదిగా చెప్పింది. దుమ్ము నీకూ శత్రువే, పొడికీ శత్రువే, అందులో నువ్వు అనుకున్నది తప్పు కాదు. కానీ దీన్ని నీళ్ళతో అణచకూడదు, అసలు లేవకుండా చూసుకోవాలి. రుమాలు చాలదని, సన్నటి దుమ్మును కూడా ఆపే గట్టి మాస్కు సేఠ్‌తో పట్టుబట్టి తెప్పించింది. సంచి మూతికీ తొట్టికీ మధ్య గుడ్డ తొడుగు ఒకటి ఉంటే బాగుంటుందని ఆమె అంటే, నేను దగ్గరి నేత గుడ్డ తెచ్చి గొట్టంలా కుట్టాను. సాంచాల మీద నేసిన గుడ్డే అది. అది తొడిగాక పొడి చప్పుడు లేకుండా జారిపోయేది, పైకి పొగలా లేచేది కాదు. మా ఆయన దాన్ని చేత్తో నిమిరి, "గీ పని మంచిగ జేసినవే" అన్నాడు. ఆయన నోటి నుంచి మెప్పు రావడమంటే మాటలు కాదు.

వానలు వచ్చాయి. ఇక ఆ నాలుగు నెలలూ మా ఆయనతో వేగడం నా వల్ల కాలేదు. కొత్త మతం పుచ్చుకున్నవాడికి నిష్ఠ ఎక్కువంటారే, అలా అయ్యాడు. సంచుల వరస కిందంతా చెక్క బల్లలు. గోడకూ సంచులకూ మధ్య మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు. ముందు వచ్చినది ముందు వెళ్ళేలా ప్రతి వరసకూ సుద్దతో గుర్తు. సంచి మూతి కోస్తే, మళ్ళీ మడిచి గట్టిగా కట్టకుండా మంచినీళ్ళకు కూడా కదిలేవాడు కాదు. వాన వెలిసి గాలి పొడిగా ఉన్నప్పుడే తలుపులు తీయాలి, తీసినా లారీ ఎక్కించేంతసేపే. ఒకరోజు నేను తడిసిన కొంగుతో గడప దాటబోయాను.

"ఆగు! గదేంది నీ కొంగు? నీళ్ళు కారుతున్నయ్. పిండుకొని రా పో."

"నేను నీ పెండ్లాన్నయ్యా, వాననీళ్ళ బకెట్ని గాదు."

"పెండ్లానివైతే ఏంది, బకెట్ అయితే ఏంది. తడి తడే."

బెన్ రుమాలు వెనక నవ్వడం నేను చూశాను. రోషంతో బయట నిలబడి కొంగు పిండుకున్నాను గానీ, నాకూ నవ్వు ఆగలేదు.

ఒకరోజు మాత్రం నవ్వు లేదు. ముందు రోజు నుంచి ఆగని వాన. ఎస్టేట్ మురుగు మోరీలు పొంగి, షెడ్డు ముందు దారి కాలవైంది. బస్సులు తిరగలేదు, ఉన్ నుంచి మేమిద్దరం నడుచుకుంటూ వచ్చాం. బెన్ అప్పటికే వచ్చి ఉంది. లారీ డ్రైవరు ఒకడు కదల్లేక అక్కడే చిక్కుకున్నాడు. నీళ్ళు మెట్టు ఎక్కుతున్నాయి. గడపకు అడ్డంగా ఇసుక సంచులు వేశాం. అయినా నమ్మకం లేక, కింది వరస సంచుల్ని గోదాం వెనక భాగంలో ఉన్న ఎత్తు అరుగు మీదికి మార్చడం మొదలుపెట్టాం. మా ఆయన ఒక సంచి భుజానికెత్తి తీసుకెళ్ళాడు. రెండోది ఎత్తాడు. మాస్కు మీద కళ్ళు ఎర్రబడ్డాయి, ఛాతీ పైకీ కిందికీ కొట్టుకుంటోంది.

"జర ఆగయ్యా" అన్నాను.

"ఆగితే సాంచాలకు పోవాలె" అన్నాడు.

బెన్‌కు మా మాటలు అర్థం కాలేదు గానీ సంగతి అర్థమైంది. ఒక స్టూలు తెచ్చి గోదాం మధ్యలో వేసింది. "నువ్వు కూర్చో. ఏది ముందు కదలాలో, ఎక్కడ పెట్టాలో నువ్వు చెప్పు. మోసేది మేము" అంది. ఆయన ఒప్పుకోలేదు. బెన్ ఆయన భుజం మీద చేయి వేసి కూర్చోబెట్టింది. ఆ తర్వాత యాభై దాటిన ఆ మనిషి, నేను, ఆ డ్రైవరు కలిసి ఆ వరసంతా మోశాం. మా ఆయన స్టూలు మీద కూర్చుని వేలు చూపిస్తూ, ఎక్కడ సంచి మూల గోడకు తగులుతుందోనని అరుస్తూ ఉన్నాడు. ఆ అరుపు సాంచాల మధ్య నేర్చుకున్నదే. వాన చప్పుడులో కూడా స్పష్టంగా వినిపించింది. నీళ్ళు ఇసుక సంచుల దాకా వచ్చి నిలిచిపోయాయి, మధ్యాహ్నానికి తీశాయి. గోదాం లోపల చుక్క తడి లేదు.

దసరా వెళ్ళాక సేఠ్ వచ్చాడు. అన్నిటికన్నా వెనక, అన్నిటికన్నా కింద ఉన్న సంచి తెమ్మన్నాడు. బెన్ దాని మూతి కోసింది. పొడి చేతిలోంచి మెల్లగా, సన్నగా జారింది. ఒక్క ఉండ లేదు. సేఠ్ వేళ్ళ మధ్య నలిపాడు, వాసన చూశాడు.  ఆయన చేతులు దులుపుకోబోయి, దులపకూడదని గుర్తొచ్చి తడిగుడ్డ అడిగాడు. తడిగుడ్డ అంటే బయటికి వెళ్ళి తుడుచుకోమని మా ఆయన గుమ్మం చూపించాడు. సేఠ్ ఫక్కున నవ్వాడు. "రేపటి నుంచి ఈ ఇద్దర్నీ పక్కా చెయ్యి" అని బెన్‌కు చెప్పి వెళ్ళిపోయాడు.

మర్నాడు నేను సర్వపిండి, అదే మా వైపు కాల్చే బియ్యప్పిండి రొట్టె, చేసుకుని వెళ్ళాను. వెల్లుల్లి లేకుండా చేశాను, ఎంత కష్టమో చేసేవాళ్ళకు తెలుస్తుంది. వాచ్‌మన్ రేకు కింద బెన్‌ను కూర్చోబెట్టి పెట్టాను. తినడానికి రుమాలు విప్పింది. అంత దగ్గరగా, తీరిగ్గా ఆమె ముఖం చూడడం అదే. ముందు పన్ను ఒకటి లేదు. నవ్వితే చిన్నపిల్లలా ఉంది. నేను రాత్రంతా హిందీలో కూడబలుక్కున్న మాటలు చెప్పబోయాను. మీరు లేకపోతే మా ఆయన ఏమయ్యేవాడో అని మొదలుపెట్టి, హిందీ సరిపోక, తెలుగులోకి వెళ్ళి, చివరికి ఏడుపులోకి వెళ్ళాను. ఆమె నా చేతిలో ఒక ముక్క పెట్టి, "ముందు తిను. చేతులు కడుక్కుని లోపలికి రా, లారీ వస్తుంది" అంది.

ఆ చలికాలంలోనే ఒక పొద్దున నాకు దిగ్గున మెలకువ వచ్చింది. ఏదో తప్పు జరిగినట్టు అనిపించింది. ఏమిటో తెలియలేదు. గోడ అవతల ఎవరో బకెట్ లాగుతున్నారు. దూరంగా కంపెనీ బస్సు హారన్ కొట్టింది. బాగా తెల్లారిపోయింది. నన్ను దగ్గు లేపలేదు. పక్కకు చూశాను. మా ఆయన కదలకుండా పడుకుని ఉన్నాడు.  మెల్లగా వేలు తీసుకెళ్ళి ఆయన ముక్కు దగ్గర పెట్టాను.

వెచ్చగా తగిలింది. చప్పుడు లేకుండా వస్తోంది, పోతోంది.

ఒక కన్ను తెరిచాడు. "ఏందే గిట్ల జూస్తున్నవ్? బతికే ఉన్న. జర పండనియ్యి" అన్నాడు. మళ్ళీ ముసుగు తన్నాడు. అది ఆయన పాత గొంతు, వీధి చివరిదాకా వినిపించేది. గోడ అవతల నవ్వారు కూడా.

నేను లేచి స్టవ్ వెలిగించలేదు, వేడినీళ్ళు పెట్టలేదు. చెంబుతో నీళ్ళు ముంచుకుని బయటికి వెళ్ళాను. ఏడుస్తూ, నవ్వుతూ, మా వాకిలంతా తడిసేలా చల్లాను. అక్కడ ఎన్ని నీళ్ళు చల్లినా అడిగేవాళ్ళు లేరు.